ఐదో తీగ వదులుగా ఎందుకుంటుంది?

విజయనగరంలో పైడితల్లి అమ్మవారి పండగ రోజుల్లో ఆర్కెస్ట్రాల్లోనో, ఆదివారం చర్చిలోనో నాలుగు తీగల బేస్ గిటార్ వాయించే కుర్రాళ్లు ఐదు తీగల దానికి మారగానే తరచూ ఒక మాట అంటుంటారు: "లావు బి తీగ వదులుగా ఉందన్నా, గిటార్ మంచిది కాదేమో." (బి, ఇ, ఎ అన్నవి పాశ్చాత్య సంగీతంలో స్వరాల పేర్లు, తీగలనూ వాటితోనే పిలుస్తారు.) గిటార్‌ని తప్పుపట్టే ముందు లెక్క చూడాలి.

తీగ శ్రుతి దాని పొడవు, బిగువు, బరువు మీద ఆధారపడుతుంది. ఫ్రెంచి పండితుడు మారిన్ మెర్సెన్ 1636లోనే ఈ సూత్రం రాసిపెట్టాడు. నాలుగు తీగల బేస్‌లో అన్నిటికన్నా కింది శ్రుతి ఇ తీగది, సెకనుకు 41 కంపనాలు. ఐదో తీగ బి అయితే సుమారు 31. అదే ఇ తీగను బి దాకా దించితే బిగువులో 56 శాతమే మిగులుతుంది. తీగ ఫ్రెట్ల మీద, అంటే గిటార్ మెడ మీది అడ్డ మెట్ల మీద, గరగరలాడుతుంది. అందుకే బి తీగను లావు చేస్తారు. మామూలు సెట్లలో ఇ తీగ 2.67 మిల్లీమీటర్లు, బి తీగ 3.3. బిగువు సమానం కావాలంటే బి తీగ సుమారు 3.56 ఉండాలి. అంత ఉండదు కాబట్టి దాదాపు ఏడో వంతు బిగువు తగ్గుతుంది. చేతికి తెలిసే వదులు ఇదే.

మరి ఇంకా లావు చేయొచ్చుగా? చేస్తే తీగ కడ్డీలా మొండికేస్తుంది. అసలు స్వరంతో పాటు పుట్టే పై స్వరాలు శ్రుతి తప్పి పైకి జరుగుతాయి. మోతే తప్ప స్వరం తేలదు. అందుకే లోపల సన్నని తీగ ఉంచి, దాని చుట్టూ మరో తీగ చుడతారు: బరువు పెరుగుతుంది, మొండితనం అంతగా పెరగదు. బొబ్బిలి దగ్గర గొల్లపల్లిలో వీణలు చేసేవాళ్లకు ఈ చిక్కు కొత్త కాదు. వీణ మీద వాయించే నాలుగు తీగల పొడవూ ఒకటే, అనుమంద్రానికి, అంటే అన్నిటికన్నా కింది స్థాయికి, లావు తీగ కట్టేది అందుకే. బేస్‌లో ఇంకో దారి కూడా ఉంది. తీగ పొడవును 34 అంగుళాల నుంచి 35కి పెంచితే బిగువు 6 శాతం పెరుగుతుంది. చిన్న చేతులవాళ్లకు ఆ అంగుళం కష్టమే.

1951లో లియో ఫెండర్ తెచ్చిన బేస్‌కు తీగలు నాలుగే. 1980లలో సింథసైజర్లు ఇ కన్నా కిందికి దిగాక కింది బి తీగ బాగా వాడుకలోకి వచ్చింది. విశేషమేమిటంటే, ఫోన్ స్పీకర్‌లో ఆ 31 కంపనాలు అసలు పుట్టవు. అయినా బి స్వరం గుర్తుపడతాం. బి తీగ మోగితే 62, 93, 123, 154 ఇలా సమాన దూరాల్లో పై స్వరాలూ పుడతాయి. వాటిలో ఫోన్ పలికించగలిగే పైవి విన్నా చాలు, వాటి మధ్య దూరాన్ని బట్టి మెదడు అడుగు స్వరాన్ని తానే కట్టుకుంటుంది. నాకిది ఎప్పటికీ అద్భుతమే.

కొత్తగా చేరే స్వరాలు ఐదు. నా దృష్టిలో అంతకన్నా పెద్ద లాభం వేరే ఉంది. బి తీగ ఐదో ఫ్రెట్ దగ్గర ఇ దొరుకుతుంది, కాబట్టి చెయ్యి మెడ చివరిదాకా పరుగెత్తక్కర్లేదు.

కష్టమంతా కుడిచేతి బొటనవేలిదే. ఇన్నాళ్లూ చివరి తీగ అంటే ఇ అని వేళ్లకు అలవాటు. ఇప్పుడు అక్కడ బి ఉంది, పైగా ముట్టుకోకపోయినా మోగుతుంది. ఇ తీగ రెండో పై స్వరం, బి తీగ మూడో పై స్వరం రెండూ 123 దగ్గర కలుస్తాయి, ఒకటి మోగితే రెండోది కదులుతుంది. బొటనవేలు పికప్ (తీగల కింద కంపనాలను పట్టే పెట్టె) మీద కాకుండా బి తీగ మీద ఆనించాలి, సన్నని తీగల వైపు దిగినప్పుడు అదీ వెంట జరగాలి. కుదిరిందో లేదో తేల్చుకోవడం తేలిక. ఎ తీగ రెండో ఫ్రెట్ గట్టిగా మీటి, వెంటనే ఆ తీగ ఒక్కదాన్నే ఆపండి. అది 62 దగ్గర మోగే బి, లావు తీగ మొదటి పై స్వరం సరిగ్గా అదే. ఇంకా గుంయ్‌మంటూ ఉంటే బొటనవేలు బి తీగ మీద లేనట్టే.