నేరేడు పిక్కల్ని ఎండలో పోయకండి

పండ్ల కాలం ముగిసిందంటే నా దగ్గరకు ఒకే రకం ఫిర్యాదులు వస్తాయి. "పిక్కలు శుభ్రంగా కడిగి, నాలుగు రోజులు ఎర్రటెండలో ఆరబోసి, డబ్బాలో దాచాను. ఒక్కటీ మొలవలేదు." నేరేడు, పనస, మామిడి అయితే వాటిని చంపింది ఆ ఎండే.

అపోహ: ఏ విత్తనమైనా బాగా ఎండితే నిలవుంటుంది.

వాస్తవం: చెట్ల విత్తనాల్లో ఎండితే నిలిచేవి ఉన్నాయి, ఎండితే చచ్చేవీ ఉన్నాయి. 1973లో రాబర్ట్స్ అనే శాస్త్రవేత్త మొదటివాటికి ఆర్థోడాక్స్ అనీ, రెండోవాటికి రికాల్సిట్రెంట్ అనీ పేర్లు పెట్టాడు. తుమ్మ, సుబాబుల్, సరుగుడు మొదటి రకం. చెట్టు మీద ఉండగానే చాలావరకు తేమ వదిలేసి నిద్రలోకి జారుకుంటాయి. నేరేడు, పనస, మామిడి పిక్కల్లో పిండానికి ఆ నిద్ర లేదు. పండు రాలేసరికే మొలకెత్తే పనిలో ఉంటుంది. తేమ బాగా తగ్గితే కణాల పొరలు చిట్లిపోతాయి, ఆ తర్వాత ఎంత నానబెట్టినా ప్రాణం రాదు. వీటికి ఫ్రిజ్ చలి కూడా పడదు.

ఒకావిడ రెండు నెలలు కష్టపడి ఏరిన నేరేడు పిక్కలు మూట కట్టి తెచ్చారు. పది కోసి చూశాను. లోపల పప్పంతా ముడుచుకుని నల్లబడింది. "రోజూ సాయంత్రం తిరగేశానండీ" అన్నారు, కళ్లలో నీళ్లు. ఎవరో చెప్పింది నమ్మి, చెప్పినట్టే శ్రద్ధగా చేశారావిడ. అలా చెప్పేవాళ్ల మీదే నా కోపమంతా. "రెండు వేల ఏళ్ల నాటి ఖర్జూర గింజ మొలిచింది కదా" అని వాదిస్తారు. నిజమే, ఇజ్రాయెల్‌లోని మసాడా కోటలో దొరికిన గింజ 2005లో మొలిచింది. కానీ ఖర్జూర గింజ ఎండిపోయినా ఓర్చుకునే రకం, దాన్ని చూపించి పనస పిక్కను ఎండబెట్టమంటే ఎలా?

ఇలాంటి పిక్కలకు గుజ్జు వదలగొట్టి, నీడలో పైతడి మాత్రం ఆరనివ్వండి. చెమ్మగా ఉన్న కొబ్బరి పొట్టులో కలిపి, గాలి ఆడే సంచిలో ఉంచి, వారం పది రోజుల్లో విత్తేయండి. వచ్చే ఏడాదికి అట్టిపెట్టుకోవాలంటే విత్తనంగా వీలుకాదు, నారుగా ఉంచుకోవాల్సిందే.

వేప ఈ రెంటికీ మధ్యరకం. పండ్లు కుప్ప పోస్తే పులిసి వేడెక్కుతాయి, కాబట్టి ఏరిన రోజే గుజ్జు తీసి నీడలో ఆరబెట్టాలి.

నీళ్లలో తేలినవన్నీ తాలు అనేది ఇంకో మాట. రెక్కలు, పీచు ఉన్నవి గట్టి గింజలైనా తేలతాయి. పారబోసే ముందు కొన్ని కోసి చూడండి. గట్టి పెంకు గింజల్ని మరుగునీళ్లలో ముంచి దాచమనేవాళ్లూ ఉన్నారు. అది విత్తే ముందు చేసే పని.

ఎండితే నిలిచే రకాలకు కూడా ఫ్రిజ్ ఒక్కటే చాలదు. హారింగ్టన్ అనే విత్తన శాస్త్రవేత్త సూత్రం ప్రకారం, గింజలో తేమ 14 నుంచి 5 శాతం మధ్య ఉన్నంతవరకు, ఒక్కో శాతం తగ్గేకొద్దీ గింజ ఆయుష్షు రెట్టింపవుతుంది. ముందు ఆరబెట్టి, గాలి చొరని డబ్బాలో మూత బిగించాకే ఫ్రిజ్‌లో పెట్టండి. బయటికి తీశాక డబ్బా గది వేడికి వచ్చేదాకా మూత తెరవకండి, చల్లటి గింజల మీద చెమ్మ పడుతుంది.