మిట్టమధ్యాహ్నం కరెంటు ఎందుకు పోయింది?

చిరంజీవులు చిన్నికి, నానికి తాతయ్య ఆశీర్వదించి రాయునది.

మీ ఉత్తరం అందింది. నాని ప్రశ్న చదివి మొదట నవ్వుకున్నాను, కాసేపటికి ఆలోచనలో పడ్డాను. "బయట ఎండ మాడ్చేస్తోంది. నా స్నేహితుడి ఇంటి మీద సోలార్ ప్యానెళ్లు ఉన్నాయి. అయినా వీధిలో కరెంటు పోగానే వాళ్ల ఫ్యాను కూడా ఆగిపోయింది. మరి అవి ఎందుకు తాతయ్యా?" అని కదూ రాశావు! ఈ ప్రశ్న పెద్దవాళ్లు ప్యానెళ్లు కొనకముందు అడగాలి. చాలామంది కొన్నాక అడుగుతారు. మన ఇంటికి పెట్టించుకుంటే ఎన్ని కావాలని చిన్ని అడిగింది. ముందు దానితో మొదలుపెడతాను. నాని ప్రశ్న దారిలో ఎలాగూ ఎదురవుతుంది.

కరెంటును నీళ్లనుకోండి. ఈ మాట వినగానే మీ నాయనమ్మ లేచి వెళ్లిపోతుంది, ఏళ్ల తరబడి విని విసిగిపోయింది పాపం. మీరు మాత్రం కూర్చోండి.

కొళాయి తిప్పితే ధార సన్నగానూ రావచ్చు, లావుగానూ రావచ్చు. ఆ ధార ఎంత లావో చెప్పేది వాట్. కాసేపటికి బకెట్లో ఎన్ని నీళ్లు చేరాయో చెప్పేది యూనిట్. 1000 వాట్ల వస్తువు గంటసేపు పనిచేస్తే ఒక యూనిట్ ఖర్చవుతుంది. సోలార్ గురించి పెద్దవాళ్లు పడే తికమకలో సగం ఈ ధారనూ బకెట్‌నూ కలిపేయడం వల్ల వచ్చేదే. 9 వాట్ల ఎల్‌ఈడీ బల్బుది సన్నటి ధార. 2000 వాట్ల నీళ్ల హీటరుది గొట్టం పగిలినంత ధార. ఆ హీటరు అరగంటలో తాగేసే ఒక్క యూనిట్‌తో బల్బు 111 గంటలు వెలుగుతుంది. అంటే నాలుగున్నర రోజులు, రాత్రీ పగలూ ఆర్పకుండా!

నా చిన్నప్పుడు మా ఇంట్లో చదువుకోవడానికి ఒకటే లాంతరు. పుస్తకం తెరిచే ముందు దాన్ని చెవి దగ్గర పెట్టుకుని మెల్లగా ఊపేవాణ్ణి. లోపల కిరోసిన్ కదిలే చప్పుడును బట్టి ఆ రాత్రి ఎన్ని పేజీలు చదవగలనో తెలిసిపోయేది. మీ స్విచ్చికి ఆ చప్పుడు లేదు. ఎంత వాడామో అది చెప్పదు, నెల తిరిగాక బిల్లు చెబుతుంది. కాబట్టి నాన్నను అడిగి పన్నెండు నెలల బిల్లులు తీసుకోండి. ఒక నెలది చాలదు, వేసవి వాడకం వేరు, చలికాలం వాడకం వేరు. తర్వాత ఇంట్లో తిరిగి ప్రతి వస్తువు మీదా ఎన్ని వాట్లని రాసి ఉందో చూడండి. పాత ఫ్యాను 75 వాట్లు లాగుతుంటే, అదే గాలిని 30 వాట్లకు కాస్త అటూ ఇటూగా ఇచ్చే కొత్తరకం ఫ్యాన్లు వచ్చాయి. కొళాయి కారుతుంటే కింద ఇంకో బకెట్ పెట్టేవాణ్ణి తెలివైనవాడని అనం కదా! ముందు కొళాయి బిగించాలి.

అవన్నీ అయ్యాక నెలకు 240 యూనిట్లు తేలాయనుకుందాం. రోజుకు 8. ఎండ బాగా కాసే చోట ఒక కిలోవాట్, అంటే 1000 వాట్ల ప్యానెళ్లు ఏడాది సగటున రోజుకు సుమారు 4 యూనిట్లు ఇస్తాయి. అంటే మనకు 2 కిలోవాట్లు కావాలి. మధ్యాహ్నపు ఎండ సూటిగా పడితే చదరపు మీటరుకు దాదాపు 1000 వాట్లు. మంచి ప్యానెల్ అందులో ఐదోవంతును, అంటే 200 వాట్లను కరెంటుగా మారుస్తుంది. చిన్నీ, 2000ను 200తో భాగించు. 10 చదరపు మీటర్లు. ప్యానెళ్ల మధ్య మనిషి నడిచి, దుమ్ము కడగడానికి దారి అదనం. నీ లెక్కల పుస్తకంలో ఇంతకన్నా కష్టమైనవి ఉన్నాయి. బిల్లు అడగకుండా, డాబా ఎక్కకుండా "మీకు ఇన్ని సరిపోతాయండీ" అని చెప్పేసేవాళ్ల మాట నేను నమ్మను.

ఇక నీడ సంగతి. ఇక్కడే నేను బోర్లా పడ్డాను. మా ప్యానెళ్లు పెట్టించిన రోజు డాబా మీద ఎక్కడా నీడ లేదు. చలికాలం వచ్చింది. సూర్యుడు కిందికి వాలి నడుస్తున్నాడు. మూడు గంటల వేళ పైకి వెళ్లి చూస్తే, మూల ఉన్న ఇనుప గొట్టం నీడ, రెండు వేళ్ల మందం ఉంటుంది, ప్యానెళ్ల మీద అడ్డంగా పాకుతోంది. రెండు వేళ్ల నీడకు రెండు వేళ్ల నష్టమేనని అనుకున్నాను. మీటర్ చూస్తే గుండె గుభేలుమంది.

ఎందుకలాగో చెబుతాను. చిన్నప్పుడు మేం నలుగురం బావి నుంచి మొక్కల దాకా వరుసగా నిలబడి చేతికి చేయి బకెట్లు అందించేవాళ్లం. మా చెల్లెలు మూడోది. ఏ చీమల బారో కనిపిస్తే చాలు, బకెట్ కింద పెట్టి అక్కడే కూలబడేది. ఇక నేను ఎంత చురుగ్గా తోడినా ఏం లాభం? మొక్క దగ్గరికి చుక్క చేరదు. ప్యానెల్‌లోని గళ్లు కూడా అలా వరుసగా చేతులు పట్టుకునే ఉంటాయి. ఒక గడి మీద నీడ పడితే మొత్తం వరుస నెమ్మదిస్తుంది. కూలబడిన పిల్లను దాటేసి బకెట్ పక్కవాడికి అందించే ఏర్పాటు ఇప్పటి ప్యానెళ్లలో ఉంది, దాన్ని బైపాస్ డయోడ్ అంటారు. నష్టం తగ్గుతుంది, పూర్తిగా పోదు. నీడ తప్పని డాబాలకు, ఒక ప్యానెల్ మీది నీడ మిగతావాటిని ఆపకుండా, ప్యానెల్‌కొక చిన్న ఇన్వర్టర్ పెట్టే పద్ధతి కూడా ఉంది. ఇన్వర్టర్ అంటే ఏమిటో నాని వంతులో చెబుతాను. నేనైతే ఆ గొట్టాన్నే పీకించి ఇంకో మూలకు మార్చాను.

నానీ, నీ వంతు వచ్చింది. ప్యానెళ్లలో పుట్టే కరెంటు ఒకే దిక్కున పారుతుంది. ఇంట్లో వాడేది సెకనుకు 50 సార్లో 60 సార్లో, దేశాన్ని బట్టి, ముందుకూ వెనక్కూ ఊగుతుంది. ఆ మార్పు చేసే పెట్టె పేరు ఇన్వర్టర్. మీ స్నేహితుడి ఇంట్లోది వీధి లైనుకు ముడిపెట్టిన రకం అయ్యుంటుంది. పగలు మిగిలిన కరెంటు వీధి తీగలోకి వెళ్తుంది, రాత్రి అక్కడి నుంచే తెచ్చుకుంటారు. బ్యాటరీ ఉండదు కాబట్టి ఖర్చు తక్కువ. అయితే వీధిలో కరెంటు పోయినప్పుడు ఎవరో ఒకాయన స్తంభమెక్కి తీగ బాగుచేస్తూ ఉండవచ్చు. తీగలో కరెంటు లేదన్న నమ్మకంతో చేయి వేస్తాడు. సరిగ్గా అప్పుడే మీ స్నేహితుడి డాబా నుంచి కరెంటు వచ్చి పడితే? అందుకే వీధి లైను చచ్చిన మరుక్షణం ఆ ఇన్వర్టర్ తనంతట తానే ఆగిపోతుంది. అది చెడిపోలేదు నానీ, తన పని తాను చేసింది.

కరెంటు పోయినా ఫ్యాను తిరగాలంటే బ్యాటరీ కావాలి, వీధి నుంచి ఇంటిని విడదీసి నడపగల హైబ్రిడ్ ఇన్వర్టర్ కూడా కావాలి. బ్యాటరీ అంటే నీళ్ల తొట్టి. సీసం బ్యాటరీ అడుగున బురద పేరుకున్న తొట్టిలాంటిది, సగానికి మించి తోడితే త్వరగా పాడవుతుంది. లిథియం ఐరన్ ఫాస్ఫేట్ రకం ఖరీదెక్కువ, కానీ పదింట ఎనిమిది వంతులకు పైగా తోడుకోవచ్చు. రాత్రికి 3 యూనిట్లు కావాలంటే మొదటి రకం 6 యూనిట్లది, రెండో రకం 4 లోపుది చాలు. వీధి కరెంటు ఎప్పుడో గాని పోని చోట నేనైతే బ్యాటరీ జోలికి పోను. ఇన్వర్టర్‌ను మాత్రం బకెట్‌ను బట్టి కాక ధారను బట్టి ఎంచుకోవాలి. నీళ్ల మోటారు మొదలయ్యే క్షణంలో మామూలుకన్నా ఎన్నో రెట్లు లాగుతుంది, ఆ కుదుపును అది తట్టుకోవాలి.

ఎండ ఎక్కువైతే కరెంటు కూడా ఎక్కువేనని మీరు అనుకుంటున్నారా? ప్యానెల్‌కు వెలుతురు ఇష్టం, వేడి కాదు. అది 25 డిగ్రీలు దాటి వేడెక్కిన ప్రతి డిగ్రీకీ నూటికి 0.3 నుంచి 0.4 వంతు బలం కోల్పోతుంది. అందుకే డాబాకు అంటించకుండా కింద గాలి ఆడేలా ఎత్తులో బిగిస్తారు. చూశారా, నీళ్ల పోలిక ఇక్కడ చేతులెత్తేసింది. నాయనమ్మకు చెప్పకండి.

వెలుతురు తగిలితే కరెంటు ఎందుకు పుడుతుందని మీరు అడుగుతారని తెలుసు. ప్యానెల్ గళ్లను తయారుచేసే సిలికాన్ అనే పదార్థంలోని ఎలక్ట్రాన్లను వెలుతురు తట్టి లేపుతుందని చెప్పగలను, అంతకుమించి నాకూ వింతే. దీన్ని మొదట కనిపెట్టింది ఎడ్మండ్ బెకరెల్ అనే ఫ్రెంచి కుర్రాడు, 1839లో, వాళ్ల నాన్న ప్రయోగశాలలో. అప్పుడతనికి 19 ఏళ్లు. 1954లో అమెరికాలోని బెల్ ల్యాబ్స్ అనే పరిశోధనశాలవాళ్లు సిలికాన్ పలకతో ఒక బొమ్మ రంగులరాట్నాన్ని తిప్పి చూపించారు. ఆ పలక ఎండలో నూటికి 6 వంతుల్ని మాత్రమే కరెంటుగా మార్చగలిగింది. అయినా రాట్నం తిరిగింది! 8 నిమిషాల 20 సెకన్ల క్రితం సూర్యుడి నుంచి బయలుదేరిన వెలుతురు వచ్చి మన ఫ్యాను తిప్పుతోందని తలుచుకుంటే, ఈ వయసులో కూడా నాకు ఒళ్లు గగుర్పొడుస్తుంది.

ఈ ఆదివారం సుద్దముక్క పట్టుకుని డాబా ఎక్కండి. తొమ్మిదింటికి, పన్నెండింటికి, మూడింటికి ఎక్కడెక్కడ నీడ పడుతోందో దాని చుట్టూ గీత గీసి, పక్కన గంట రాయండి. ఆ బొమ్మను కాగితం మీదికి ఎక్కించి నాకు పంపండి. మళ్లీ చలికాలంలో, పగలు బాగా చిన్నదైన రోజున ఇంకొకటి గీయాలి. రెండూ పక్కపక్కన పెట్టుకుని ప్యానెళ్లు ఎక్కడ పెట్టాలో మనం ముగ్గురం తేలుద్దాం. పన్నెండింటికి డాబా కాలిపోతుంటుంది, చెప్పులు మరిచిపోకండి.

మీ తాతయ్య