ముందు చక్రాల్లేని ఇల్లు

చిట్టితల్లికీ, పెద్దోడికీ తాతయ్య దీవెనలు.

మొన్న ఫోన్లో మా కారవాన్, అదే కారు వెనక తగిలించి లాక్కెళ్లే చక్రాల ఇల్లు, ఫొటో చూసి, "తాతయ్యా, ఈ ఇంటికి ముందు చక్రాలు లేవుగా! ముక్కు నేలకి కొట్టుకోదా?" అని అడిగావట చిట్టీ. ఆ మాట చెప్పి మీ నాన్న నవ్వాడు. అది నవ్వేసి వదిలేసే ప్రశ్న కాదమ్మా. మూడు వారాలుగా మీ మామయ్యా నేనూ ఇక్కడ ఆస్ట్రేలియాలో, అడిలైడ్‌లో ఇంటి ముందు నిలబడి తేల్చుకుంటున్నదంతా దాని గురించే.

ఎల్లుండి పొద్దున మీ అత్తయ్య, మామయ్య, నేను పెర్త్‌కి బయల్దేరుతున్నాం. దాదాపు 2,700 కిలోమీటర్లు. విజయవాడ నుంచి ఢిల్లీకి రైల్లో ఎంత దూరమో, దానికి ఇంకో వెయ్యి కలుపుకోండి. అందులో 1,660 కిలోమీటర్ల పైన ఒకే రోడ్డు, పేరు ఐర్ హైవే. అది నల్లార్‌బర్ అనే మైదానం మీదుగా పోతుంది. లాటిన్‌లో ఆ మాటకి 'చెట్టు లేనిది' అని అర్థం. ఒకచోట 146.6 కిలోమీటర్లు ఒక్క వంపు కూడా ఉండదు. హైదరాబాద్ నుంచి వరంగల్ దాకా తాడు లాగి పట్టినట్టు రోడ్డేస్తే ఎలా ఉంటుందో ఊహించుకోండి. పెట్రోలు బంకుకీ బంకుకీ మధ్య కొన్నిచోట్ల 180 కిలోమీటర్లు దాటుతుంది. ఫోను చాలా దూరం పలకదు. అక్కడ బండికి ఏదన్నా అయితే కేకేస్తే వచ్చే మెకానిక్కు ఉండడు. కాబట్టి చూసుకోవాల్సిందంతా వాకిట్లోనే చూసుకోవాలి.

సరే, నీ ప్రశ్నకొస్తాను. ఎడ్లబండికి ముందు చక్రాలున్నాయా? లేవు. ఉన్నవి రెండే, అవీ నడుమనే. ముందుకి సాగిన నొగ కాడికి తగులుకుంటుంది, కాడి ఎడ్ల మెడల మీద ఆనుతుంది. కారవాన్ కూడా అంతే. చక్రాలు నడుమన, ముందుకి పొడుచుకొచ్చిన ఇనప నొగ. కాడి ఉండాల్సిన చోట కారు వెనక ఒక ఇనప గుండు ఉంటుంది, అడ్డంగా కొలిస్తే 50 మిల్లీమీటర్లు. మన పెరట్లో కాసే పెద్ద నిమ్మకాయంత. ఇంత ఇల్లూ ముక్కు తీసుకెళ్లి ఆ నిమ్మకాయ మీద ఆనించి నిలబడుతుంది!

ఎంత బరువు ఆనాలన్నదే అసలు సంగతి. నాకది పదో ఏట తెలిసింది.

వడ్లు మిల్లుకి తోలుతున్నారు. డెబ్బయ్యయిదు కిలోల బస్తాలు. నేనూ వస్తానని, నాకు ముందు గడ్డి పరిచి కూర్చునే చోటు ఉంచమని ఏడ్చి మారాం చేశాను. పోనీలే పిల్లాడని బస్తాలు వెనక్కి జరిపి ఎత్తారు. చెరువు కట్ట ఎక్కేసరికి బండి ముందు భాగం గాల్లోకి లేచింది. కాడి పైకి గుంజింది, దాంతో ఎడ్ల మెడతాళ్లు గొంతుకి బిగుసుకున్నాయి. ఎడమ పక్క మైలెద్దు నాలుక బయటపెట్టింది. మా నాన్న కాడి మీద పడి తన బరువంతా వేసి కిందికి నొక్కితే గానీ దానికి ఊపిరాడలేదు. నన్ను కొట్టలేదు, తిట్టలేదు. నా చెయ్యి పట్టుకుని ఎద్దు గొంతు కింద పెట్టి, "తడిమి చూడు" అన్నాడు. తాడు ఒరుసుకున్న చోట చర్మం వేడిగా ఉంది, అదురుతోంది. ఆ అదురు ఇప్పటికీ నా వేళ్లకి గుర్తుంది.

తర్వాత రెండు బస్తాలు ముందుకి జరిపించి, ఎడ్లని కట్టకముందే కాడిని రెండు చేతులా ఎత్తి చూశాడు. కాడి తేలిగ్గా లేచిందంటే వెనక బరువు. ఎత్తలేకపోతే ముందు బరువు, మెడలు పుండ్లు పడతాయి. కాస్త కష్టపడి లేవాలి. ఆ రోజు నేను ఇంటికి నడిచే వచ్చాను.

మీ మామయ్య ఎత్తి చూడడు. నొగ కింద చిన్న కాటా పెడతాడు. ఇల్లూ సామానూ కలిపి రెండువేల కిలోలుంటే ఆ నిమ్మకాయ మీద దాదాపు పదో వంతు, రెండొందల కిలోలు పడాలని ఇక్కడివాళ్ల లెక్క. తక్కువ పడితే బండి తోక ఊపడం మొదలెడుతుంది. గంటకి వంద కిలోమీటర్ల మీద ఆ ఊపు పెరిగి పెరిగి కారునే పక్కకి ఈడ్చేస్తుంది. అప్పుడు గాభరాపడి కారు బ్రేకు తొక్కకూడదు. ఇంటి చక్రాలకి వేరే బ్రేకులుంటాయి. యాక్సిలరేటరు మీద నుంచి కాలు తీసి వాటిని మాత్రం చేత్తో నొక్కాలి. బండి దిగుడులో ఎడ్ల మీదికి తోసుకొస్తుంటే మా పాలేరు వెనకనుంచి పట్టుకుని వేలాడేవాడు. అదే పని వీటిది. మరీ ఎక్కువ పడితే కారు వెనక కుంగి ముందు చక్రాలు తేలికవుతాయి, స్టీరింగు మాట వినదు. అందుకే అత్తయ్య వెనక అరలో సర్దిన బియ్యం మూట, రుబ్బురోలు, పెద్ద కుక్కరు అన్నీ తీయించి ఇరుసుల మీదికి, నేలకి దగ్గరగా పెట్టించాను. నీళ్ల ట్యాంకు కూడా లెక్కలోదే. అది ఖాళీ అవుతున్నకొద్దీ తూకం మారుతుంది.

నీళ్లంటే గుర్తొచ్చింది. 1841లో ఎడ్వర్డ్ జాన్ ఐర్ అనే ఆయనా, వైలీ అనే ఆదివాసీ యువకుడూ ఈ దారంట నడిచి చివరిదాకా చేరారు. ఇసక దిబ్బలు తవ్వి నీళ్లు తాగారు. తెల్లారి ఆకుల మీద పట్టిన మంచుని స్పాంజితో అద్ది పిండుకున్నారు. ఆ రోడ్డు పూర్తిగా తారు వేసుకుంది 1976లోనే. ఇప్పటికీ అక్కడి బంకుల్లో ట్యాంకు నింపుకోవడానికి నీళ్లు దొరుకుతాయని నమ్ముకోకూడదు. మనవే మోసుకెళ్లాలి. పళ్లు, కూరలు, తేనె మటుకు పెర్త్ ఉన్న రాష్ట్రపు సరిహద్దు దాటనివ్వరు. పురుగూ తెగులూ అటు పోకూడదని. పచ్చిమిరపకాయలూ కరివేపాకూ అక్కడికి చేరేలోపే వండుకుని తినెయ్యాలని అత్తయ్య ఇప్పుడే పచ్చడి నూరుతోంది.

ఆ దారిలో బల్లడోనియా అనే బంకు ఒకటుంది. ఆ పేరు వినగానే నాకు మా ఊరి కోళ్లు గుర్తొచ్చాయి. 1979 జులైలో స్కైలాబ్ అనే అమెరికా వాళ్ల అంతరిక్ష కేంద్రం ఆకాశంలోంచి ఊడి మన నెత్తినే పడుతుందని ఊరంతా హడలిపోయింది. ఎలాగూ పోతున్నాం కదా అని ఉన్న కోళ్లన్నీ కోసుకుని తిన్నారు. ఆ సాయంత్రం మా నాన్న మాత్రం బండి చక్రాలు ఊడదీసి కూర్చున్నాడు. ఆముదంలో గడ్డి మసి కలిపిన కందెన గొట్టంలోంచి తీసి ఇరుసుకి రాస్తున్నాడు. "రేపు ఉండం కదా నాన్నా" అన్నాను. "ఉంటే ఎరువు తోలాలి కదా, ఆ చీల ఇటియ్యి" అన్నాడు. ఆ రాత్రే స్కైలాబ్ పడింది. పడింది ఇదిగో, ఈ ఐర్ హైవే చుట్టుపక్కలే! దాని ముక్కలు బల్లడోనియాలో చూడ్డానికి పెట్టారట. అక్కడ దిగి ఓ పక్కన కాసేపు నిలబడాలని ఉంది నాకు.

కందెన ఈ బండికీ కావాలి. చక్రం నడుమ బేరింగుల్లో గ్రీజు మార్పించాం. పోయిన ఆదివారం ఉత్తినే ఓ అరవై కిలోమీటర్లు తిప్పి తెచ్చి చక్రాల నట్లు మళ్లీ బిగిస్తే, ఎడమ వెనక చక్రానికి ఒకటి పావు చుట్టు తిరిగింది. బయల్దేరే ముందు బిగించిందే! మొదటి వంద కిలోమీటర్లలో అలా వదులవుతాయి, మళ్లీ చూసుకోవాలి. ఆగిన ప్రతిచోటా దిగి ఒక్కో చక్రం నడిబొడ్డుకి చేతి వెనకవైపు ఆనించి చూస్తాం. గోరువెచ్చగా ఉంటే సరే. ఒకటి మాత్రం మిగతావాటికంటే కాలిపోతుంటే అది బాధపడుతున్నట్టు. తడిమి చూడటం అంటే ఇదే పెద్దోడా. నీ సైకిలుకీ చూస్తుండు.

రాత్రిళ్లు నడపం. సందెవేళా తెల్లవారుజామునా కంగారూలు రోడ్డెక్కుతాయి.

కైగూనా అనే చోట నేలలో ఒక బిలం ఉంది. మైదానమంతా ఒకప్పుడు సముద్రం అడుగు, సున్నపురాయి, లోపలంతా గుహలు. ఆ బిలంలోంచి గాలి ఒకప్పుడు బయటికి కొడుతుంది, ఒకప్పుడు లోపలికి పీల్చుకుంటుంది. నేల ఊపిరి తీస్తోంది పిల్లలూ! దాని మీద కూడా చెయ్యి పెట్టి చూసి, ఎలా ఉందో మీకు రాస్తాను.

ఈలోగా మీకో పని. ఈ కారవాన్ టైర్లు చూపుకి కొత్తవాటిలా ఉన్నాయి, గళ్లు కూడా అరగలేదు. కానీ పక్కన చిన్న గడిలో 2316 అని ఉంది. అంటే 2016వ సంవత్సరం 23వ వారంలో తయారైంది. ఎండలో ఏళ్ల తరబడి నిలబడే ముసలిదైంది. వంచి చూస్తే వెంట్రుకల్లాంటి బీటలు. అన్నీ మార్పించాం. మీ నాన్న మోటారుసైకిలు, వీధి చివర ఆటో, బడి బస్సు... అన్నిటికీ ఆ నాలుగంకెలు ఉంటాయి. ఒక్కోసారి లోపలివైపు ఉంటాయి, వంగి చూడాలి. దుమ్ము తుడిచి చదవండి. అన్నిటికంటే పాతది ఎవరి బండికి దొరికిందో రాసి పంపండి. ఆ బండి వాళ్లకి కూడా మెల్లిగా చెప్పండి.

మీ తాతయ్య