విశాఖలో సాయిల్ టెస్ట్: అపోహలు - వాస్తవాలు

విశాఖలో నేల అంతటా ఒకేలా ఉండదు. పోర్టు, షిప్‌యార్డు వైపు మెత్తటి సముద్రపు బంకమన్ను. బీచ్ వెంబడి ఇసుక. ఎండాడ, మధురవాడ, కొమ్మాది వైపు ఖోండలైట్ కొండలు, వాటి నుంచి వచ్చిన ఎర్రమట్టి. ఇన్ని రకాల నేలలున్న ఊళ్లో "మన నేల గట్టిదండీ" అన్న ఒక్క మాటతో ఫుటింగులు (పిల్లర్ల కింది పునాదులు) తవ్వేస్తుంటే నాకు నిజంగా భయమేస్తుంది. మట్టి, రాయి బలం పరీక్షించడమే నా పని. ఇల్లు కట్టుకునేవాళ్లు, మేస్త్రీలు, ఒక్కోసారి సైట్ ఇంజినీర్లు కూడా నాతో అనే మాటలే ఇక్కడ తీసుకున్నాను.

అపోహ: "ఎర్రమట్టి కదా, గునపం కూడా దిగట్లేదు. ఇంకా టెస్ట్ ఎందుకండీ?"

ఎండాకాలంలో చూస్తే ఇది నిజమే అనిపిస్తుంది. జేసీబీతో నిలువుగా కోసిన గట్టు నెలల తరబడి చెక్కుచెదరకుండా నిలబడుతుంది. ఆ బలం ఎక్కడి నుంచి వచ్చిందో తెలిస్తే అంత ధీమా ఉండదు.

మన కొండల్లో ఎక్కువ భాగం ఖోండలైట్. గార్నెట్, సిల్లిమనైట్, ఫెల్డ్‌స్పార్, క్వార్ట్జ్ కలిసిన రాయి ఇది. యుగాల తరబడి వానకు నాని ఫెల్డ్‌స్పార్ తెల్లటి కయోలిన్ బంకగా మారుతుంది. గార్నెట్‌లోని ఇనుము తుప్పుపట్టి మట్టికి ఎరుపు తెస్తుంది. ఈ మట్టి ఆరి ఉన్నప్పుడు రేణువుల మధ్య మిగిలిన కొద్దిపాటి నీరు వాటిని దగ్గరకు లాగి పట్టుకుంటుంది. దీన్నే సక్షన్ అంటాం. వేసవిలో గునపాన్ని ఆపేది చాలావరకు ఇదే. మట్టి పూర్తిగా తడిసిందా, సక్షన్ పోతుంది. దాంతో పాటే ఆ బలమూ పోతుంది.

అందుకే డైరెక్ట్ షియర్ పరీక్షలో (బాక్సులో పెట్టిన మట్టిని ఒక సగం పక్కకు నెట్టి, ఎంత బలం దగ్గర తెగుతుందో చూసేది) ఎర్రమట్టిని ఉన్న తేమతోనే కోసి, వచ్చిన కొహిషన్ (రేణువులు ఒకదాన్నొకటి పట్టుకునే బలం) చూసి సంతోషపడకూడదు. అదే శాంపిల్‌ను బాక్సులో నీళ్లు పోసి, బాగా నానాక, నెమ్మదిగా కోయాలి. రాపిడి కోణం (రేణువులు జారకుండా ఆపే రాపిడికి కొలత) పెద్దగా మారకపోవచ్చు, కొహిషన్ మాత్రం బాగా పడిపోతుంది. కొండవాలు మీద కట్టేవాళ్లు డిజైన్‌కు తీసుకోవాల్సింది ఆ తడి అంకెనే. గట్టు కోసేది ఏప్రిల్లోనో మేలోనో. దానికి అసలు పరీక్ష అక్టోబరు, నవంబరు తుఫాన్లలో వస్తుంది. 2014 అక్టోబరు 12న హుద్‌హుద్ ఈ ఊరిని ఎలా ముంచిందో చూసినవాళ్లకు వేరే చెప్పక్కర్లేదు.

ఇందులో ఇంకో ప్రమాదం ఉంది. నా ఉద్దేశంలో అందరూ వదిలేసేది ఇదే. ఖోండలైట్ మట్టిగా మారిపోయినా, రాయిలో ఒకప్పుడున్న పొరలు, పగుళ్లు అందులో అలాగే మిగిలిపోతాయి. ల్యాబ్ బాక్సు 6 సెంటీమీటర్ల చదరం. అందులో పట్టే ముక్కలో ఆ పగులు ఉండకపోవచ్చు. గట్టులో ఆ పొరలు కోత వైపు వాలి ఉంటే మాత్రం, ల్యాబ్ అంకె ఎంత బాగున్నా గట్టు వాటి వెంటే జారుతుంది. కాబట్టి శాంపిల్ తీసే ముందు కోసిన గోడ దగ్గర నిలబడి, పొర ఎటు వాలిందో, ఎంత వాలిందో కంపాస్‌తో కొలిచి రాసుకోవాలి. మీ ప్లాటు వెనక గట్టు కోత ఉంటే ఆ వివరం రిపోర్టులో ఉందో లేదో చూసుకోండి. లేకపోతే అడిగి రాయించుకోండి.

అపోహ: "బోరులో రాయి తగిలింది, ఇక ఆపేయొచ్చు."

తగిలింది రాతి పొరా, మట్టిలో కూరుకుపోయిన బండా? మన కొండపాదాల్లో ఈ ప్రశ్న తప్పదు. చార్నకైట్ అనే గట్టి నల్లరాయి పగుళ్ల వెంట ముందు కుళ్లుతుంది, మధ్యలో గుండ్రటి బండలు గట్టిగా మిగిలిపోతాయి. చుట్టూ మెత్తటి మట్టి, నడుమ నల్లరాయి. అలాంటి బండ మీద బిట్ ఆగగానే "హార్డ్ రాక్" అని రాసేస్తే, పక్క ఫుటింగ్ మట్టి మీదా ఈ ఫుటింగ్ బండ మీదా కూర్చుని భవనం ఒక పక్కకు దిగుతుంది. రాయి తగిలాక కూడా డైమండ్ బిట్‌తో కనీసం 3 మీటర్లు కోర్ (గుండ్రటి రాతి కడ్డీ) తీయమని నేను పట్టుబట్టేది ఇందుకే.

కోర్ వచ్చాక అంతటితో పని అయిపోదు. 1.5 మీటర్ల రన్‌లో (ఒక్క విడతలో తవ్విన పొడవులో) దాదాపు మొత్తం కోర్ చేతికి వచ్చి ఉండొచ్చు. అందులో 10 సెంటీమీటర్లు, అంతకు మించిన ముక్కల పొడవు కలిపితే 60 సెంటీమీటర్లే అయిందనుకోండి, ఆర్‌క్యూడీ (రాయి నాణ్యత చెప్పే అంకె) 40 శాతం. అంటే బలహీనమైన రాయి కిందే లెక్క. రికవరీ శాతం (చేతికొచ్చిన మొత్తం కోర్) చూసి మురిసేవాళ్లు ఈ రెండో అంకెను చూడరు.

ఇక ల్యాబ్‌లో కంప్రెషన్ పరీక్షకు వ్యాసానికి కనీసం రెండింతల పొడవున్న ముక్క కావాలి. అలాంటి ముక్క దొరికేది రాయి బాగున్న చోటే. పగిలిన భాగం ల్యాబ్ దాకా రానే రాదు. తాజా చార్నకైట్ ముక్క 100 మెగాపాస్కల్స్ దాటి నిలబడగలదు. మన ఇళ్లలో వాడే ఎం25 కాంక్రీటుతో పోలిస్తే నాలుగింతలు. కానీ ఆ బలం ఆ ముక్కది. పగుళ్లు, వాటిలో చేరిన బంక, ఊరే నీరు అన్నీ కలిసిన కొండది కాదు. చిన్న ముక్కలకు పాయింట్ లోడ్ పరీక్ష (రెండు మొనల మధ్య నొక్కి విరగ్గొట్టేది) ఉంది, దాన్ని ఎక్కువ చోట్ల చేయించడం మేలు. కుళ్లిన ఖోండలైట్ కోర్ అయితే నీళ్లలో వేసి చూడండి. కొన్ని ముక్కలు కళ్లముందే విడిపోతాయి. స్లేక్ డ్యూరబిలిటీ పరీక్ష (నీళ్లలో రాయి ఎంతవరకు విడిపోకుండా ఉంటుందో చూసేది) ఉన్నది అలాంటి రాయి కోసమే.

అపోహ: "ఎన్ విలువ బాగా వచ్చింది, నేల బాగున్నట్టే."

ఎన్ విలువ వచ్చేది ఎస్‌పీటీలో, అంటే బోరులో గొట్టాన్ని సుత్తితో కొట్టి దించే పరీక్షలో. పద్ధతి తేలికే. 63.5 కిలోల సుత్తి 75 సెంటీమీటర్ల ఎత్తు నుంచి పడాలి. గొట్టం 45 సెంటీమీటర్లు దిగాలి. మొదటి 15 వదిలేసి తర్వాతి 30కి పడిన దెబ్బలే ఎన్ విలువ. తేలిక కాబట్టే తప్పులూ ఎక్కువ. తాడు కప్పీ మీద బిగుసుకున్నా, సుత్తిని పూర్తి ఎత్తుకు లేపకపోయినా దెబ్బలో బలం తగ్గుతుంది. దాంతో ఎక్కువ దెబ్బలు పడతాయి, నేల ఉన్నదానికంటే గట్టిగా కనిపిస్తుంది. కంకర రాయి గొట్టం మూతికి అడ్డుపడినా అంతే. బీచ్ వైపు ఇసుకలో బోరులో నీటిమట్టం పడిపోతే అడుగున ఇసుక ఉబికి ఎన్ తగ్గిపోతుంది. అందుకే దెబ్బలు వేసేటప్పుడు బాధ్యత గలవాళ్లు పక్కన నిలబడాలి. రిపోర్టులో సరిచేసిన విలువతో పాటు సైట్‌లో లెక్కపెట్టిన అసలు విలువ కూడా ఉండాలి.

పోర్టు వైపు సంగతి వేరు. 1933లో మొదలైన ఆ హార్బర్‌ను కట్టిందే చిత్తడి నేలలో. ఆ మెత్తటి బంకలో సుత్తి వేయకముందే రాడ్ల బరువుకే గొట్టం దిగిపోవచ్చు. ఎన్ సున్నా వచ్చిందని రాసి ఊరుకుంటే డిజైన్‌కు ఏమీ ఉపయోగపడదు. అక్కడ వేన్ షియర్ చేయాలి. నాలుగు రెక్కల వేన్‌ను బంకలోకి దించి, సెకనుకు 0.1 డిగ్రీ చొప్పున తిప్పి, ఎంత టార్క్ దగ్గర బంక తెగిందో చూస్తారు. తెగాక వేన్‌ను వేగంగా కొన్ని చుట్లు తిప్పి మళ్లీ కొలిస్తే, కదిలించిన బంకలో ఎంత బలం మిగిలిందో తెలుస్తుంది. పైల్స్ (లోతుగా దించే పునాది స్తంభాలు) వేసేవాళ్లకు ఈ రెండో అంకె చాలా అవసరం.

అపోహ: "ప్లేట్ లోడ్ టెస్ట్ చేయించాం, బోరు అక్కర్లేదు."

ఈ టెస్ట్‌లో నేల మీద ఇనుప ప్లేటు పెట్టి, బరువు వేసి, ఎంత దిగిందో చూస్తారు. ప్లేటు కింద ఒత్తిడి దాని వెడల్పుకు సుమారు రెండింతల లోతు వరకే చెప్పుకోదగ్గంతగా ఉంటుంది. 30 సెంటీమీటర్ల ప్లేటుకు 60 సెంటీమీటర్ల లోతు నేల గురించే తెలుస్తుంది. మీరు వేసే 2 మీటర్ల ఫుటింగ్ 4 మీటర్ల దాకా నేలను నొక్కుతుంది. మధ్యలో పూడ్చిన గెడ్డ (వాగు) బురద ఉంటే ప్లేటుకు ఆ సంగతే తెలియదు.

అపోహ: "పక్క ప్లాట్ రిపోర్ట్ ఉంది, అదే వాడేద్దాం."

కొండవాలు లేఅవుట్లలో ఒక ప్లాటు కోసినది, పక్కది ఆ మట్టితోనే నింపినది. వద్దు.

అపోహ: "పైల్స్ రాయి దాకా దించితే మెత్తటి మట్టితో మనకేం పని?"

మెత్తటి బంక మీద కొత్తగా ఫిల్లింగ్ పోస్తే బంక ఏళ్ల తరబడి కుంగుతూ ఉంటుంది. కుంగుతూ పైల్‌ను పట్టుకుని కిందికి లాగుతుంది. భవనం బరువుకు తోడు ఈ బరువూ పైల్ మోయాలి. కొద్ది రోజుల్లో ముగిసే పైల్ లోడ్ టెస్ట్‌లో ఇది కనిపించదు. పైగా ఆ పరీక్షలో పైల్ బంక కన్నా వేగంగా దిగుతుంది కాబట్టి, బంక పైల్‌ను ఆపుతున్నట్టే కనిపిస్తుంది. అసలు లెక్క తేలాలంటే బంక బలంతో పాటు కన్సాలిడేషన్ పరీక్ష (బరువు కింద బంక ఎంత కుంగుతుందో, ఎంత కాలం కుంగుతుందో చూసేది) ఫలితం కూడా కావాలి. ఎస్‌పీటీ గొట్టంలో వచ్చిన మట్టి దానికి పనికిరాదు, దాని మందపాటి గోడ మట్టిని నలిపేస్తుంది. పల్చటి గోడ ఉన్న ట్యూబుతో తీసి, రెండు చివరలా మైనంతో మూసి, కుదుపుల్లేకుండా ల్యాబ్‌కు చేర్చాలి. ఈ ట్యూబు శాంపిల్ కావాలని బోరు మొదలుపెట్టే ముందే చెప్పండి. ల్యాబ్‌లో ఒక్కో లోడు కింద మామూలుగా 24 గంటలు ఉంచాలి కాబట్టి, ఫలితం రావడానికి వారం పైనే పడుతుంది.