పేదలే పేదల్ని ఎందుకు తరుముతారు?

చిరంజీవులకు ఆశీస్సులు.

దక్షిణాఫ్రికాలో పక్కదేశాల నుంచి వచ్చి బతుకుతున్నవాళ్ళ దుకాణాల మీద జరిగిన దాడుల గురించి చదివి మీరు నన్నొక ప్రశ్న అడిగారు. "వాళ్ళూ పేదవాళ్ళే, వీళ్ళూ పేదవాళ్ళే కదా తాతయ్యా, మరి అంత కోపం ఎందుకు?" అని. ఇది రెండు ముక్కల్లో తేలే సంగతి కాదు. అందుకే కూర్చుని రాస్తున్నాను.

వలస అనగానే పేద దేశం వదిలి ధనిక దేశానికి పోవడమే మన కళ్ళ ముందు మెదులుతుంది. కానీ యుద్ధం తరిమితే కట్టుబట్టలతో బయల్దేరినవాళ్ళు చాలావరకు పక్కదేశం దాకానే వెళ్ళగలరు. ఆ పక్కదేశం బతుకూ అంతంతమాత్రమే. ప్రపంచంలోని శరణార్థుల్లో మూడింట రెండొంతులకు పైగా ఉన్నది అల్పాదాయ, మధ్యాదాయ దేశాల్లోనే. అంటే వాళ్ళని ఆదరించాలా, పొమ్మనాలా అన్న ప్రశ్న రోజూ ఎదురయ్యేది ఎక్కువగా పేదలకే.

పశ్చిమ ఆఫ్రికాలోని ఘనా, నైజీరియాల సంగతి చెబుతాను, వినండి. 1969 నవంబరులో ఘనా ప్రధాని కోఫీ బుసియా ప్రభుత్వం, నివాస అనుమతి లేని విదేశీయులంతా రెండు వారాల్లో వెళ్ళిపోవాలని ఉత్తర్వు ఇచ్చింది. దేశం అప్పుల్లో ఉంది, చదువుకున్న కుర్రాళ్ళకి పనుల్లేవు, అంగళ్ళు చూస్తే పైనుంచి వచ్చినవాళ్ళ చేతుల్లో కనిపిస్తున్నాయి. ఎన్నో ఏళ్ళుగా అక్కడే కాపురాలున్న నైజీరియా వర్తకులు సరుకు అయినకాడికి అమ్ముకుని పోయారు. వాళ్ళతోపాటు కోకో తోటల్లో పనిచేసే పొరుగుదేశాల కూలీలూ పోయారు. తీరా చూస్తే తోటల్లో పనికి మనుషులు దొరకలేదు.

తర్వాత పదేళ్ళలో రోజులు తిరగబడ్డాయి. నైజీరియాలో చమురు డబ్బు పొంగింది, ఘనా ఇంకా చితికిపోయింది. ఈసారి ఘనా టీచర్లు, తాపీపనివాళ్ళు పొట్ట చేతపట్టుకుని నైజీరియాకు వెళ్ళారు. అక్కడివాళ్ళు సంతోషంగానే పనిచ్చారు. కొన్నాళ్ళకు చమురు ధర పడిపోయింది, ఎన్నికల ఏడాది వచ్చింది. 1983 జనవరిలో షెహు షగారి ప్రభుత్వం, పత్రాలు లేని విదేశీయులు రెండు వారాల్లో దేశం వదలాలంది. సుమారు 20 లక్షల మందిని అలా వెళ్ళగొట్టారని అంచనా, వాళ్ళలో ఘనావాళ్ళే 10 లక్షల దాకా ఉంటారు. మధ్యలో సరిహద్దులు మూసి ఉండడంతో ఎంతోమంది దారిలోనే ఇరుక్కుపోయారు. సామాను కుక్కుకున్న గళ్ళ ప్లాస్టిక్ సంచులకి నైజీరియాలో ఇప్పటికీ 'ఘనా మస్ట్ గో', అంటే 'ఘనావాళ్ళు పోవాల్సిందే' అనే పేరు.

అంతమందిని పంపేశాక నైజీరియా బాగుపడిందా? లేదు. చమురు ధర తాపీమేస్త్రీ చేతిలో లేదు కదా. 1985లో మరోసారి తరిమారు, అయినా కష్టాలు తీరలేదు.

ఈ రెండు దేశాల జనంలో ఎవరూ పుట్టుకతో చెడ్డవాళ్ళు కారు. చేతినిండా పని ఉన్న రోజుల్లో పరాయివాడు పనివాడుగా కనిపించాడు, పని పోయిన రోజున పోటీదారుడయ్యాడు. అందుకే, వచ్చినవాళ్ళ సంఖ్యని బట్టి కోపం పెరుగుతుందన్న మాట నేను పూర్తిగా ఒప్పుకోను. మీరు చదివిన దక్షిణాఫ్రికానే తీసుకోండి. 2022 జనగణన ప్రకారం అక్కడ బయటిదేశాల్లో పుట్టినవాళ్ళు నూటికి నలుగురు కూడా లేరు. నిరుద్యోగం మాత్రం నూటికి 30కి పైనే. కుళాయిలో నీళ్ళు సన్నగా వస్తున్నప్పుడు వరసలో కొత్తగా నిలబడ్డ మనిషి మీదే అందరి కళ్ళూ పడతాయి, పైన ట్యాంకు ఎందుకు నిండలేదో ఎవరూ చూడరు. 2008 మేలో అక్కడి అల్లర్లలో 62 మంది చనిపోయారు. వాళ్ళలో 21 మంది ఆ దేశ పౌరులే! కోపం అంతదాకా వచ్చాక ఎవరు బయటివాళ్ళో చూసుకునే ఓపిక కూడా ఉండదు.

అలాగని స్థానికుల బాధ అంతా ఉత్తదే అనుకోకండి. 2017 ఆగస్టు తర్వాత కొద్ది నెలల్లోనే 7 లక్షల మందికి పైగా రోహింగ్యాలు మయన్మార్ నుంచి బంగ్లాదేశ్‌లోని కాక్స్ బజార్ జిల్లాకు వచ్చారు. మొదట అన్నం పెట్టి, పెరట్లో చోటిచ్చింది ఆ చుట్టుపక్కల పేదవాళ్ళే. కానీ ఉఖియా, టెక్నాఫ్ ప్రాంతాల్లో ఊరివాళ్ళకంటే వచ్చినవాళ్ళు ఎక్కువైపోయారు. కూలి రేట్లు తగ్గాయి, సరుకుల ధరలు పెరిగాయి, శిబిరాల కోసం అడవి కొట్టేశారు. తక్కువ కూలికి మనిషి దొరికితే లాభం పని చేయించుకునేవాడికి, నష్టం దినకూలీకి. పైగా శిబిరంలో రేషన్ ఇస్తుంటే పక్కనే ఉన్న తన ఇంట్లో పొయ్యి వెలగకపోవడం అతను రోజూ చూస్తాడు. అతని కోపానికి కారణం ఉంది. దాన్ని దురభిమానం అని కొట్టిపారేస్తే మనం అన్యాయం చేసినట్టే.

ఆ కోపాన్ని తమకు అనువుగా మలుచుకునేవాళ్ళు ఉంటారు, నాకు భయం వాళ్ళంటేనే. ఐవరీ కోస్ట్ తొలి అధ్యక్షుడు ఊఫ్వే బ్వాన్యీ, దున్నేవాడిదే భూమి అన్నాడు. బుర్కినా ఫాసో నుంచి లక్షలమంది వచ్చి అడవుల్ని కోకో తోటలు చేశారు. 1980ల చివర కోకో ధర కుప్పకూలింది. పట్నంలో పని పోయి ఊరికి తిరిగొచ్చిన కుర్రాళ్ళకి భూములన్నీ వలసవాళ్ళ సాగులో కనిపించాయి. సరిగ్గా అప్పుడే తర్వాతి అధ్యక్షుడు బేదియే, అసలైన ఐవరీ పౌరులెవరన్న వాదం ఎత్తుకున్నాడు. ఎన్నికల్లో ప్రత్యర్థి అలసాన్ వతారాని అడ్డుకోవడానికి అది పనికొచ్చింది. 2002లో ఆ దేశం అంతర్యుద్ధంలో పడింది. 2023 ఫిబ్రవరిలో ట్యునీషియా అధ్యక్షుడు కైస్ సయీద్, నల్లజాతి వలసదారులు దేశ జనాభా స్వరూపాన్నే మార్చే కుట్రలో భాగమన్నట్టు మాట్లాడాడు. తర్వాతి రోజుల్లో ఎంతోమందిని అద్దె ఇళ్ళలోంచి గెంటేశారు, వీధుల్లో కొట్టారు. ఊళ్ళో మనిషి నోరు జారితే ఒక గొడవతో పోతుంది. గద్దె మీదున్నవాడు అదే మాట అంటే కొట్టేవాళ్ళకి అనుమతి దొరికినట్టే.

భాష, మతం కలిస్తే కొంత మేలే గానీ, దాని మీద మరీ నమ్మకం పెట్టుకోలేం. టర్కీలో మొదట సిరియన్లని అతిథులన్నారు. ఇద్దరిలోనూ ఎక్కువమంది ముస్లింలే. అయినా ధరలు మండిపోతున్న రోజుల్లో, 2023 ఎన్నికల్లో, వాళ్ళని వెనక్కి పంపడమే పెద్ద నినాదమైంది.

జ్ఞాపకానికి బలం ఎక్కువ అనిపిస్తుంది నాకు. ఉగాండాలో వెస్ట్ నైల్ అనే ప్రాంతం ఉంది. అక్కడివాళ్ళు 1980ల మొదట్లో ప్రాణాలరచేత పట్టుకుని సూడాన్‌కి, జైర్‌కి (ఇప్పటి కాంగో ప్రజాస్వామ్య గణతంత్రం) పారిపోయి తలదాచుకున్నవాళ్ళే. 2016లో దక్షిణ సూడాన్ నుంచి జనం వచ్చినప్పుడు తమ ఉమ్మడి భూముల్లో చోటిచ్చారు. శరణార్థులు పనిచేసుకోవచ్చని ఆ దేశంలో 2006 నుంచే చట్టం ఉంది. వాళ్ళ పేరుతో వచ్చే సాయంలో 30 శాతం స్థానికులకూ చెందాలన్నది అక్కడి విధానం. బడి కట్టినా, బోరు వేసినా ఇద్దరి పిల్లలకూ పనికొస్తుంది. 1972లో నియంత ఈదీ అమీన్ ఆసియావాళ్ళని 90 రోజుల గడువిచ్చి వెళ్ళగొట్టింది కూడా ఈ దేశం నుంచేనని గుర్తుంచుకోండి.

అదే ఉగాండా రాజధాని కంపాలాలో ఆర్థికవేత్తలు ఒక ప్రయోగం చేశారు. చిన్న చిన్న వ్యాపారులకు కొంత డబ్బిచ్చి, శరణార్థులు ఉండడం వల్ల వచ్చిన సాయంలో ఇది మీ వాటా అని చెప్పారు. శరణార్థులకు పనిచేసుకునే, స్వేచ్ఛగా తిరిగే హక్కులు ఉండాలనేవాళ్ళు వాళ్ళలో బాగా పెరిగారు. రెండేళ్ళ తర్వాత అడిగినా ఆ అభిప్రాయం నిలిచే ఉంది. వాళ్ళ మనసు మారింది నీతిబోధ విని కాదు, వచ్చినవాళ్ళ వల్ల తమ బతుకు చెడదని నమ్మకం కుదిరి.

మీ తాతయ్య