కిలోమీటరు లెక్కలో గోదారి లేదు

గోదావరి పాయల మధ్య లంకల్లోని చిన్న బడుల పిల్లల్ని ఒడ్డు మీది మోడల్ ప్రైమరీ స్కూళ్ళకు చేర్చడం మీద మళ్ళీ తగువు మొదలైంది. స్కూల్ కమిటీ తీర్మానం మీద సంతకం పెట్టం అంటున్నారు తల్లులు. తరగతికో టీచర్ ఇస్తామంటే వద్దంటారేమిటని అధికారులు. గోదావరి జిల్లాల్లో ఆడపిల్లల చదువు అనగానే 1874 నాటి ధవళేశ్వరం బడితో, వీరేశలింగం గారితో మొదలుపెట్టడం రివాజు. ఆ కథ అందరికీ తెలిసిందే. ఈ తగువుకు మూలం 2022 జూలైలో ఉంది.

ఆ ఏడాది జూన్ 10న ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం 117 జీవో ఇచ్చింది. హైస్కూలుకు కిలోమీటరు లోపున్న ప్రైమరీ బడుల నుంచి 3, 4, 5 తరగతులు తీసి హైస్కూల్లో కలపమంది. జూలై 5న బడులు తెరిచారు. రెండు వారాలు తిరక్కుండానే ధవళేశ్వరం దగ్గర వరద 25 లక్షల క్యూసెక్కులు దాటింది. అక్కడ మూడో ప్రమాద హెచ్చరిక ఇచ్చేదే 17 లక్షలకు. లంకలు మునిగాయి. మూడో తరగతి పిల్ల అంటే ఎనిమిదేళ్ళది. దాన్ని రోజూ పాయ దాటించి పంపాల్సి వస్తే ఎలా అన్న ప్రశ్న ఆ నెలలోనే ప్రతి లంకకూ తగిలింది. విలీనం జాబితాలో తమ బడి పేరు లేని ఊళ్ళకు కూడా.

ఆ భయానికి అంతకుముందే ఒక తేదీ ఉంది. 2018 జూలై 14, రెండో శనివారం. మొక్కలు నాటే కార్యక్రమం ఉందని పిల్లల్ని బడికి రమ్మన్నారు. ఐ.పోలవరం మండలం పశువుల్లంక దగ్గర, ఇళ్ళకు తిరిగొస్తున్న పిల్లలున్న నాటు పడవ, కడుతున్న వంతెన స్తంభానికి కొట్టుకుని తిరగబడింది. గల్లంతైన ఏడుగురిలో ఆరుగురు బడిపిల్లలు. ఆరుగురూ ఆడపిల్లలే. పడవ ఎక్కాల్సిన పని లేకుండా చేసేందుకు కడుతున్న వంతెనకే పడవ తగిలింది. ఆ తర్వాత లైఫ్ జాకెట్లు లేనిదే పడవ కదలకూడదన్నారు. జాకెట్లు కొన్ని రేవుల్లో ఇప్పటికీ బల్లల కింద తడిసి ఉంటాయి. పెద్దవాళ్ళ కొలతకు కుట్టినవి, పిల్ల తొడుక్కుంటే మోకాళ్ళ దాకా వస్తాయి.

అధికారుల వాదన కొట్టిపారేసేది కాదు. పదిమంది పిల్లలకు ఒక్క టీచర్, ఐదు తరగతులు. ఆ టీచర్ మీటింగుకు వెళ్తే ఆ రోజు బడి లేనట్టే. దూరమైతే సమగ్ర శిక్షా అనే కేంద్ర పథకం కింద పిల్లకు ఏడాదికి 6 వేల రూపాయల వరకు రవాణా భత్యం ఇచ్చే వీలుంది.

కానీ ఆ డబ్బుతో ఏం ఎక్కాలి? లంకలో ఆటో రాదు. పి.గన్నవరం మండలంలో బూరుగులంక, ఊడిమూడిలంక, అరిగెలవారిపేట, జి.పెదపూడిలంక వాళ్ళకు ఏటా వరద రాగానే ఒడ్డుకు చేర్చే తాత్కాలిక గట్టు కొట్టుకుపోతుంది. ఆపైన నెలల తరబడి పడవే. రేవులో దిగాక పిల్లలు చెప్పులు చేతబట్టుకుని, యూనిఫాం మోకాలి పైకి మడిచి, పుస్తకాల సంచీ నెత్తిన పెట్టుకుని బురదలో నడుస్తారు. 2017లో 'బడికొస్తా' అని హైస్కూలు ఆడపిల్లలకు సైకిళ్ళిచ్చారు. మంచి పథకమే. ఇసుక తిన్నె మీద సైకిల్‌ను తొక్కడం మాట అటుంచి, తోసుకెళ్ళడమే కష్టం.

ఇదే దారిలో మగపిల్లాణ్ణి పంపుతారు. 'వాడికేం, ఈదుకుంటూ వస్తాడు' అంటారు. ఆడపిల్ల దగ్గరికొచ్చేసరికి లెక్క మారుతుంది. చీకటి పడ్డాక రేవులో ఎవరుంటారు, పడవ తప్పిపోతే ఎక్కడ ఉంటుంది, రేపు పెద్దమనిషయ్యాక ఎలా. పైగా కోనసీమలో తల్లి కువైట్‌లోనో మస్కట్‌లోనో ఇంటిపనికి వెళ్ళిన ఇళ్ళు తక్కువేం కాదు. అక్కడ పెద్దపిల్లే అమ్మ. తమ్ముడికి అన్నం పెట్టి, చెల్లికి జడవేసి, ఊళ్ళో ఉన్న బడికైతే గంట కొట్టేలోపు పరిగెత్తగలదు. ఎనిమిదిన్నర పడవను అందుకోలేదు. ఆడపిల్లలు అక్కడే ఉండి చదువుకునే కస్తూర్బా విద్యాలయాలు ఉన్నాయిగా అంటారు. అవి మొదలయ్యేదే ఆరో తరగతి నుంచి. పైగా 2004లో అవి పెట్టినప్పుడు చూసింది మండలం మొత్తం మీద పల్లెల ఆడవాళ్ళ అక్షరాస్యత సగటు. ఆ సగటులో లంక ఎక్కడ కనిపిస్తుంది?

117 జీవో ఇప్పుడు లేదు. 2025లో దాని స్థానంలో తొమ్మిది రకాల బడుల విధానం తెచ్చారు, మోడల్ ప్రైమరీ అందులోదే. జీవో నంబరు మారినా దూరం కొలిచే టేపు మారలేదన్నది తల్లుల మాట. విద్యాహక్కు చట్టం అమలుకు కేంద్రం 2010లో ఇచ్చిన నిబంధనలు ప్రైమరీ బడికి కిలోమీటరు, అప్పర్ ప్రైమరీకి మూడు కిలోమీటర్లు అన్నాయి. అందరూ చెప్పేది ఇంతవరకే. ఆ నిబంధనలోనే ఇంకో వాక్యం ఉంది: వరదల ముప్పు, దారి లేకపోవడం, చిన్నపిల్లలకు ప్రమాదం ఉన్నచోట ఆ దూరాన్ని తగ్గించి, ప్రమాదం తప్పేలా బడి పెట్టాలి.

తీర్మానం పుస్తకంలో తమ బడి పక్కన ఆ వాక్యం రాయించమని తల్లులు అడుగుతున్నారు. రాస్తే సంతకం పెడతారట.