మర్నాడు బయటపడే జబ్బు

వానకాలంలో జ్వరం వచ్చి తగ్గిన పిల్ల, నెలలు గడిచినా ‘శాతనైతలేదమ్మా’ అంటూ మంచం దిగకపోతే, వరంగల్ చుట్టుపక్కల ఇళ్లలో ముందుగా వినిపించే మాట బద్ధకం. ఆ తర్వాతి అనుమానం రక్తహీనత. రెండోదానిలో తప్పులేదు. తెలంగాణలో 15–49 ఏళ్ల స్త్రీలలో సగానికి పైగా రక్తహీనతతో ఉన్నారని 2019–21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే తేల్చింది కనుక హిమోగ్లోబిన్, థైరాయిడ్, క్షయ పరీక్షలు మొదట చేయించవలసిందే. అవన్నీ సరిగ్గా ఉన్నాయని తేలి, పిల్ల మాత్రం లేవలేకపోతున్నప్పుడే అసలు చిక్కు మొదలవుతుంది.

అప్పుడు అనుమానించవలసింది దీర్ఘకాలిక అలసట సిండ్రోమ్‌ను. మయాల్జిక్ ఎన్‌సెఫలోమైలైటిస్ అనే పాత పేరుతో దీన్ని ప్రపంచ ఆరోగ్య సంస్థ 1969లోనే నాడీవ్యవస్థ వ్యాధుల్లో చేర్చింది. దీని అసలు గుర్తు అలసట కాదు, శ్రమ తర్వాత ముదరడం. సోమవారం నాడు బాగానే ఆడి, పరీక్ష కూడా రాసిన పిల్ల మంగళవారమో బుధవారమో కుప్పకూలుతుంది. ఎంత నిద్రపోయినా సేద తీరదు, చదివిన వాక్యమే మళ్లీ మళ్లీ చదువుతుంది. డాక్టరు దగ్గరికి వెళ్లేది కాస్త ఓపిక ఉన్న రోజునే కాబట్టి అక్కడ జబ్బు కనిపించదు. రాష్ట్రీయ బాల స్వాస్థ్య కార్యక్రమం బృందం బడికి వచ్చి చూసే ఒక్క రోజుకూ ఇదే పరిమితి. పాల లెక్క రాసే గోడ క్యాలెండర్ మీదే తల్లి, ఆడిన రోజుకో గుర్తు, పడుకున్న రోజుకో గుర్తు పెట్టుకుంటే, మూడు నాలుగు వారాల్లో ఆ వరుస డాక్టరుకు చాలా చెబుతుంది.

చూడవలసిన ఇంకొక గుర్తు, నిలబడలేకపోవడం. ఉదయం ప్రార్థన వరుసలో ముఖం పాలిపోయి కూలబడే పిల్లలకు తరచూ దొరికే జవాబు ‘టిఫిన్ తినలేదా?’ అనే ప్రశ్నే. కౌమార వయసువారిలో, పడుకుని ఉన్నప్పటితో పోలిస్తే లేచి నిలబడిన పది నిమిషాల్లోపు గుండె వేగం నిమిషానికి 40 లేదా అంతకు మించి పెరిగి నిలిస్తే, నిలబడినప్పుడు రక్తప్రసరణ అదుపు తప్పుతోందని అనుమానించాలి. ఈ పరీక్షకు స్కానింగ్ యంత్రమేదీ అక్కరలేదు. మంచం, సెకన్ల ముల్లున్న గడియారం, ఓపికగా పక్కన నిలిచే నర్సు ఉంటే చాలు.

చికిత్సలో జరిగిన పొరపాటు కూడా తెలుసుకోదగ్గదే. రోజురోజుకూ వ్యాయామం పెంచుకుంటూ పొమ్మని 2007లో సూచించిన బ్రిటన్ మార్గదర్శక సంస్థ నైస్, 2021లో ఆ సలహాను వెనక్కి తీసుకుంది. పిల్లల్లో నాలుగు వారాలకే అనుమానించాలని, మూడు నెలలకు నిర్ధారించవచ్చని చెప్పింది. శక్తి పూర్తిగా కరిగిపోకముందే విశ్రాంతి ఇప్పించడం, పూటబడి, పీటీ నుంచి మినహాయింపు: ఇప్పటికి చేయగలిగినవి ఇవే. ఇంటర్‌లో 75 శాతం హాజరు అడిగే చోట పూటబడి ఎలా సాధ్యమో కళాశాలలే ఆలోచించాలి. ఒళ్లు వంచితే అదే పోతుందన్న మన పెద్దల నమ్మకం ఈ పిల్లల విషయంలో హాని చేస్తుంది.

పరిశోధనకూ ఇదే ఓపిక కావాలి. అమెరికాలో గ్రంథి జ్వరం (గొంతు నొప్పి, మెడ గ్రంథుల వాపుతో వచ్చే వైరస్ జ్వరం) వచ్చిన 301 మంది కౌమారులను వదలకుండా గమనిస్తే, ఆరు నెలలకు 13 శాతం మందిలో ఈ సిండ్రోమ్ ఉంది. రెండేళ్లకు 4 శాతం మందిలో మిగిలింది. ఏటా వానకాలంలో డెంగీ పిల్లలు వచ్చే వరంగల్ ఎంజీఎం ఆసుపత్రి, దానికి అనుబంధమైన కాకతీయ వైద్య కళాశాల ఇలాంటి గమనింపుకు తగిన చోటు. డిశ్చార్జి కాగితంపై ఇంటి ఫోన్ నంబరు రాసుకుని, ఆరో నెలలో పిలిచి, ఆ పిల్ల నిన్న ఏం చేసిందో, ఇవాళ ఎలా ఉందో రెండూ అడగాలి.